గుస్తావ్ ట్రూవే

గుస్తావ్ పియర్ ట్రూవే (1839 జనవరి 2 – 1902 జూలై 27) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రముఖ ఆవిష్కర్త, విద్యుత్ పరికరాల నిర్మాత. కాలితో తొక్కే మూడు చక్రాల బండికి చిన్న విద్యుత్ మోటార్లను, తిరిగి ఛార్జి చేయగల బ్యాటరీని అమర్చి 1881 ఏప్రిల్ నెలలో పారిస్ వీధిలో నడిపాడు. మనిషిని మోసుకుపోగల, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోగల విద్యుత్ వాహనాలలో మొదటిదిగా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. పడవ వెనుక తగిలించి, పని ముగిశాక తీసి ఇంటికి మోసుకుపోగల మోటారును కూడా మొట్టమొదట చేసినవాడు ఈయనే. వైద్యులు నుదుటికి కట్టుకొనే విద్యుద్దీపం, శరీరంలో దిగిన తుపాకీ గుండును వెదికే సాధనం, జేబులో పట్టే విద్యుద్ఘటం మొదలైనవి ఈయన ఇతర ఆవిష్కరణలు. బ్రతికి ఉన్న కాలంలో ఫ్రాన్సులో ఎంతో పేరు పొందిన ట్రూవే, మరణానంతరం దాదాపు నూరు సంవత్సరాలపాటు మరుగున పడిపోయాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ట్రూవే 1839 జనవరి 2న ఫ్రాన్సులోని ఆంద్ర్-ఎ-లువార్ జిల్లాకు చెందిన లా హే-డెకార్త్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తత్త్వవేత్త, గణిత శాస్త్రజ్ఞుడు రెనే డెకార్త్ జన్మస్థలం కూడా ఇదే. ఆ మహనీయుని గౌరవార్థం ఈ పట్టణానికి తరువాతి కాలంలో డెకార్త్ అనే పేరే స్థిరపడింది. ట్రూవే తండ్రి పశువుల వ్యాపారి. సామాన్య కుటుంబమే అయినా పిల్లవాని ఆసక్తిని గమనించి చదువు చెప్పించారు. చిన్నతనం నుండి ట్రూవేకు దొరికిన వస్తువులతో బొమ్మ యంత్రాలు తయారుచేయడం అలవాటు.

1850లో షినోన్ పట్టణంలోని కళాశాలలో చేరి తాళాల పని నేర్చుకున్నాడు. 1854-55లో ఆంజే పట్టణంలోని వృత్తికళల పాఠశాలలో చదివాడు. అనారోగ్యం కారణంగా ఆ చదువు పూర్తి కాలేదు. పట్టా లేకుండానే పారిస్ నగరం చేరి ఒక గడియారాల తయారీదారు వద్ద పనికి కుదిరాడు.

ఈ రెండు వృత్తుల ప్రభావం ఆయన జీవితమంతటా కనిపిస్తుంది. తాళాల పని వలన లోహాన్ని తనకు కావలసిన రూపానికి తెచ్చుకొనే నేర్పు వచ్చింది. గడియారాల పని వలన అతి చిన్న భాగాలను అతి తక్కువ చోటులో అమర్చే నేర్పు అబ్బింది. ఆనాటి విద్యుత్ యంత్రాలు చాలా వరకు గది నిండా ఉండేవి. వాటిని అరచేతిలో పట్టేటంత చిన్నవిగా చేయడమే ట్రూవే ప్రత్యేకత అయింది.

పారిస్ కార్యశాల

1865 ప్రాంతంలో ట్రూవే సొంతంగా ఒక కార్యశాలను నెలకొల్పుకున్నాడు. తరువాతి కాలంలో పారిస్ నడిబొడ్డున ర్యూ వివియెన్ వీధిలోని 14వ నంబరు భవనం ఆయన చిరునామాగా ప్రసిద్ధి చెందింది. ఆయన వివాహం చేసుకోలేదు. కొత్త పరికరాన్ని ఆలోచించడం, స్వయంగా తయారుచేయడం, అది పనిచేస్తున్నదని నలుగురికీ చూపడం, వెంటనే మరొక పనిలో పడడం - ఇదే ఆయన జీవనసరళి. చేసిన వస్తువును పెద్ద ఎత్తున ఉత్పత్తిచేసి ధనం గడించడంపై ఆయనకు శ్రద్ధ లేదు.

ఫ్రెంచి భాషలో ట్రూవే అనే మాటకు కనుగొనబడినది అని అర్థం. ఆర్కిమెడిస్ పలికినట్లుగా చెప్పే యురేకా అనే గ్రీకు మాటకు కూడా దాదాపు ఇదే భావం. ఈ సామ్యాన్ని గమనించిన ట్రూవే, తన పరికరాలకు యురేకా అనే వ్యాపారనామాన్నే పెట్టుకున్నాడు.

జేబు విద్యుద్ఘటం

ట్రూవేకు తొలి పేరు తెచ్చినది చిన్న మూసివున్న విద్యుద్ఘటం. గట్టి రబ్బరుతో చేసిన చిన్న డబ్బీలో పై సగభాగంలో జింకు, కర్బన ఫలకాలు ఉంటాయి. క్రింది సగభాగంలో ద్రవం ఉంటుంది. నిలువుగా ఉన్నంతసేపు ద్రవం ఫలకాలను తాకదు కనుక ఘటం ఖర్చు కాదు. తలక్రిందులు చేసినా, అడ్డంగా పడుకోబెట్టినా ద్రవం ఫలకాలను తాకి విద్యుత్తు పుడుతుంది. వేరుగా స్విచ్చి అవసరం లేని ఈ అమరిక చాలా సులువైనది.

ఈ ఘటాన్ని కోటు జేబులో పెట్టుకొని, సన్నని తీగ ద్వారా మెడపట్టీకి గుచ్చుకొనే పిన్నులోని బొమ్మను కదిలించే ఏర్పాటు చేసాడు. డోలు వాయించే కుందేలు, దవడ కదిపే పుర్రె, రెక్కలు ఆడించే పక్షి వంటి ఈ బొమ్మలు పారిస్ సంపన్న వర్గాలలో విశేష ఆదరణ పొందాయి. తరువాతి కాలంలో నాటకశాలల్లో నర్తకీమణులు ధరించే వెలిగే ఆభరణాలను కూడా తయారుచేసాడు. వినోదానికి చేసినట్లు కనిపించినా, ఈ వస్తువులే ఆయనకు మోటారును, ఘటాన్ని కుదించే విద్యలో అభ్యాసమయ్యాయి.

వైద్య, సమాచార రంగాలలో కృషి

1870-71లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధం తరువాతి సంవత్సరాలలో ట్రూవే దృష్టి సైనిక, వైద్య అవసరాలపైకి మళ్ళింది. 1872లో సైనికులు మోసుకుపోగల తంతి పరికరాన్ని చేసాడు. దీని తీగతో దాదాపు ఒక కిలోమీటరు దూరం వరకు ఆదేశాలు పంపడానికి, యుద్ధరంగం నుండి వార్తలు తెప్పించుకోవడానికి వీలయ్యేది.

1874లో గాయపడినవారి శరీరంలోని తుపాకీ గుండు వంటి లోహపు ముక్కలను గుర్తించి వెలికితీయడానికి ఒక సాధనాన్ని రూపొందించాడు. గాయంలోకి దింపిన సన్నని శలాకల కొనలు ఎముకను తాకితే ఏమీ జరగదు. లోహాన్ని తాకితే విద్యుత్ వలయం పూర్తయి సూచన వినిపిస్తుంది. ఎక్స్-కిరణాలు 1895 వరకు కనుగొనబడలేదు కనుక శస్త్రవైద్యునికి అంతకు మునుపు ఇటువంటి ఆధారం ఎంతో విలువైనది. నేటి లోహశోధక యంత్రాలకు దీనిని పూర్వరూపంగా చెబుతారు.

1878లో గ్రాహంబెల్ టెలిఫోనులో రెండు పొరలను వాడి ధ్వని తీవ్రతను పెంచే మార్గం చూపాడు. మోసుకుపోగల సున్నితమైన మైక్రోఫోనును చేసాడు. గాస్టన్ ప్లాంటే చేసిన ఘటంతో ప్లాటినం తీగను వెలిగించి, నోరు, గొంతు వంటి శరీర భాగాల లోపలి వైపును చూడడానికి పాలీస్కోప్ అనే సాధనాన్ని నిర్మించాడు. ఇది నేటి ఎండోస్కోపుకు తొలి రూపాలలో ఒకటి.

మోటారులో చేసిన మార్పు

వాహనాన్ని నడపడానికి ముందుగా తేలికపాటి మోటారు కావాలి. జర్మనీకి చెందిన సీమెన్స్ సంస్థ మోటారులోని ఆర్మేచరు ఆకారంలో ఒక లోపం ఉండేది. ఆర్మేచరు కొనలు అయస్కాంత ధ్రువాలకు సరిగా ఎదురుగా వచ్చినపుడు లాగే బలం శూన్యమయ్యేది. దీనిని నిశ్చల స్థానం అనవచ్చు. మోటారు సరిగ్గా ఈ స్థానంలో ఆగిపోతే మళ్ళీ దానంతట అది కదలదు. తిరుగుతున్నపుడు కూడా బలం హెచ్చుతగ్గులకు లోనయ్యేది.

ట్రూవే ఆర్మేచరు కొనలను గుండ్రంగా కాక, నత్తగుల్ల వలె క్రమంగా విస్తరించే వంపుతో తయారుచేసాడు. దీనివలన ఆర్మేచరు తిరిగే కొద్దీ దాని ఉపరితలం ధ్రువానికి కొంచెం కొంచెంగా చేరువవుతూ ఉంటుంది. లాగే బలం ఎడతెగక కొనసాగుతుంది. నిశ్చల స్థానం తొలగిపోయింది. 1880 మే నెలలో ఈ మార్పుకు ఆయన ఫ్రెంచి పేటెంటు తీసుకున్నాడు. ఐదు కిలోల బరువుకే మనిషిని మోయగల మోటారు తయారుకావడం దీని ఫలితమే.

ప్లాంటే ఘటం

వాహనానికి కావలసిన రెండవ వస్తువు విద్యుత్తును నిలవచేసే ఘటం. అంతకు పూర్వం విద్యుత్ బండ్లు నడపాలనుకున్నవారు జింకు కరిగిపోతూ విద్యుత్తునిచ్చే ప్రాథమిక ఘటాలపై ఆధారపడ్డారు. జింకు అయిపోతే ఘటాన్ని విప్పి కొత్త జింకు, కొత్త ద్రవం వేయవలసిందే. బొగ్గుతో నడిచే ఆవిరియంత్రం కంటే ఇది ఎన్నో రెట్లు ఖరీదైన పద్ధతి.

1859లో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చాపలా చుట్టి సజల సల్ఫ్యూరికామ్లంలో ఉంచి, బయటినుండి విద్యుత్తును పంపితే అది నిలవ ఉండి తిరిగి వస్తుందని చూపాడు. మోటారు సైకిళ్ళలోను, ఇళ్ళలోని ఇన్వర్టర్లలోను వాడుతూ వచ్చిన సీసపు బ్యాటరీలకు మూలం ఇదే. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టుల పీడనాన్ని ఇస్తుంది. బరువు ఎక్కువ, నిలవచేసే శక్తి తక్కువ. అయినా ఘటాన్ని విప్పకుండా మళ్ళీ ఛార్జి చేయవచ్చుననే ఒక్క గుణం వాహన నిర్మాణానికి దారి తెరిచింది.

విద్యుత్ మూడు చక్రాల బండి

ట్రూవే కొత్తగా బండి తయారుచేయలేదు. ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరంలో జేమ్స్ స్టార్లీ రూపొందించిన మూడు చక్రాల సైకిలును తీసుకున్నాడు. ఈ బండికి ఒక ప్రక్క పెద్ద చక్రం, మరొక ప్రక్క ముందొకటి వెనుకొకటిగా రెండు చిన్న చక్రాలు ఉంటాయి. నడిచేవాడు మధ్యలో కూర్చుంటాడు. ట్రూవే దీనికి తాను మెరుగుపరచిన రెండు చిన్న మోటార్లను అమర్చి, గొలుసుల ద్వారా పెద్ద చక్రాన్ని తిప్పే ఏర్పాటు చేసాడు. ప్లాంటే ఘటాలను చెక్కపెట్టెలో పేర్చి కూర్చునే స్థానం వెనుక బిగించాడు. విద్యుత్తును కలపడానికి, ఆపడానికి చేతికి అందే చోట మీట ఉంచాడు.

1881 ఏప్రిల్‌లో తన కార్యశాలకు దగ్గరలోనే ఉన్న ర్యూ ద వాల్వా వీధిలో బండిని పలుమార్లు అటు నుండి ఇటు, ఇటు నుండి అటు నడిపి చూపాడు. బండి, ఘటాలు, నడిపే మనిషి అంతా కలిసి సుమారు 160 కిలోల బరువు. వేగం గంటకు సుమారు 12 కిలోమీటర్లు. ఇది ఆనాటి గుర్రపు బాడుగబండి వేగానికి సాటి. కార్ల్ బెంజ్ పెట్రోలు బండికి పేటెంటు కోరినది 1886లో. అంటే ట్రూవే బండి దానికంటే సుమారు ఐదేళ్ళు ముందుది.

ప్రయోగం విజయవంతమైనా ఈ బండికి ట్రూవే పేటెంటు పొందలేకపోయాడు. బండిని అమ్మకానికి తయారుచేయలేదు. అదే సంవత్సరం పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనలో తన పడవను, వైద్య పరికరాలను ఉంచాడు గాని బండిని ఉంచలేదు. వేలాదిమంది చూసే అవకాశం ఉన్న చోట ఈ బండి లేకపోవడం, దాని పేరు మరుగునపడడానికి ఒక కారణమైంది. 1882లో ఇంగ్లాండులో విలియం ఐర్టన్, జాన్ పెర్రీ అనే ఆచార్యులు మరొక విద్యుత్ మూడు చక్రాల బండిని తయారుచేసారు. చాలాకాలంపాటు కొన్ని గ్రంథాలలో ఆ బండికే ప్రథమ స్థానం ఇవ్వబడింది.

మొదటి విద్యుత్ వాహనం ఏది?

ఈ ప్రశ్నకు సమాధానం వాహనం అనే మాటను ఎలా నిర్వచిస్తామనే దానిపై ఆధారపడి ఉంటుంది. హంగేరీకి చెందిన ఆన్యోష్ యెడ్లిక్ 1828లో చిన్న విద్యుత్ మోటారును చేసాడు. 1835లో నెదర్లాండ్స్‌లో సిబ్రాండుస్ స్ట్రాటింగ్ ఒక చిన్న నమూనా బండిని నడిపాడు. అదే దశాబ్దంలో అమెరికాలో థామస్ డేవెన్‌పోర్ట్ చిన్న పట్టాలపై నమూనాను నడిపాడు. 1842లో స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ డేవిడ్‌సన్ పెద్ద విద్యుత్ రైలింజనునే పట్టాలపై నడిపాడు. అయితే ఇవన్నీ నమూనాలు గాని, పట్టాలపై నడిచేవి గాని, ప్రాథమిక ఘటాలపై ఆధారపడినవి గాని అయి ఉన్నాయి. మామూలు వీధిలో, పట్టాలు లేకుండా, మనిషిని ఎక్కించుకొని, తిరిగి ఛార్జి చేయగల ఘటంతో నడిచిన బండి అనే నిర్వచనం తీసుకుంటే ట్రూవే బండికి ప్రథమ స్థానం దక్కుతుంది.

టెలిఫోను పడవ

వీధిలో బండిని నడిపిన కొద్ది వారాలకే ట్రూవే అదే మోటారును పడవకు అమర్చాడు. కార్యశాలనుండి సేన్ నదికి కొంత దూరం ఉంది. ప్రతిసారి పడవను మోసుకుపోవడం సాధ్యం కాదు. కనుక మోటారును, చుక్కానిని, ప్రొపెల్లరును ఒకే భాగంగా తయారుచేసి, పడవ వెనుక తగిలించి, పని ముగిశాక తీసివేసే ఏర్పాటు చేసాడు. చుక్కాని పైభాగాన మోటారు, దాని క్రింద నీటిలో మూడు రెక్కల ప్రొపెల్లరు, రెండింటిని కలుపుతూ గొలుసు ఉండేవి. చుక్కానితోపాటే ప్రొపెల్లరు కూడా తిరగడం వలన పడవ చాలా తక్కువ చోటులో మలుపు తిరిగేది. నేడు చేపల వేటకు వెళ్ళే పడవల వెనుక తగిలించే మోటార్ల అమరిక కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది.

సుమారు ఐదున్నర మీటర్ల పొడవు గల ఈ పడవకు టెలిఫోను అని పేరు పెట్టాడు. మోటారు బరువు 5 కిలోలు. పడవ మధ్యలో పొటాషియం బైక్రోమేట్ ద్రవంతో పనిచేసే ఘటాలను ఉంచాడు. 1881 మే 26న సేన్ నదిలో జరిగిన పరీక్షలో ఈ పడవ ఏటికి ఎదురుగా సెకనుకు 1 మీటరు, ప్రవాహ దిశలో సెకనుకు 2.5 మీటర్ల వేగంతో ప్రయాణించింది.

1881లో పారిస్‌లోని పారిశ్రామిక భవనంలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనలో ఈ పడవ ఎందరినో ఆకర్షించింది. అదే ప్రదర్శనలో గాస్టన్ టిస్సాండియే చేసిన మూడున్నర మీటర్ల నమూనా గాలిఓడను ట్రూవే తయారుచేసిన 220 గ్రాముల మోటారు నడిపింది. 1883 అక్టోబరులో టిస్సాండియే సోదరులు మనుషులు ఎక్కిన విద్యుత్ గాలిఓడను ఎగురవేయడానికి ఈ నమూనాయే నాంది. ప్రదర్శన తరువాత ఫ్రెంచి ప్రభుత్వం ట్రూవేకు లెజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారాన్ని ఇచ్చి గౌరవించింది.

ఇతర ఆవిష్కరణలు

ట్రూవే చేసిన పరికరాల సంఖ్య చాలా ఎక్కువ. వాటిలో ముఖ్యమైనవి:

• నుదుటి దీపం: 1883లో రువాన్ పట్టణానికి చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు పాల్ ఏలో కోరికపై ఫోటోఫోర్ అనే దీపాన్ని చేసాడు. నుదుటికి కట్టుకొనే ఈ దీపం వలన వైద్యుని రెండు చేతులకు స్వేచ్ఛ లభించింది. వైద్యుడు చూసే వైపుకే వెలుగు పడుతుంది. ఇదే పద్ధతి తరువాత గనికార్మికుల, గుహలను శోధించేవారి దీపాలలో కనిపిస్తుంది.
• ఆక్సానోస్కోప్: 1887 ప్రాంతంలో, ఊరూరా తిరిగి పాఠాలు చెప్పే ఉపాధ్యాయుల కోసం మోసుకుపోగల విద్యుత్ చిత్రప్రదర్శక యంత్రాన్ని తయారుచేసాడు. పుస్తకంలోని బొమ్మలను గోడపై పెద్దవిగా చూపడానికి ఇది ఉపయోగపడేది.
• యాంత్రిక పక్షి: 1870లో రెక్కలాడించే నమూనా పక్షిని చేసాడు. వంపు తిరిగిన లోహపు గొట్టంలో వరుసగా తూటాలు పేలినపుడు గొట్టం సాగి, ముడుచుకొని రెక్కలను ఆడించేది. ఇది సుమారు 70 మీటర్లు ఎగిరింది.
• నమూనా హెలికాప్టరు: 1887లో నేలపైనుండి తీగల ద్వారా విద్యుత్తును అందుకొని పైకి లేచే నమూనాను ఎగురవేసాడు. బ్యాటరీ బరువును నేలమీదనే వదలివేయడం ఇందులోని ఉపాయం.
• ఇంకా దంతవైద్యుల డ్రిల్లు, విద్యుత్ కుట్టుమిషను, వెలిగే నీటిఊటలు, సంగీతవాద్యం, పిల్లల ఆటవస్తువులు మొదలైనవి.

మరణం

1902లో ట్రూవే చర్మవ్యాధులను అతినీలలోహిత కాంతితో నయంచేయడానికి మోసుకుపోగల చిన్న పరికరంపై పనిచేస్తున్నాడు. ఆ పనిలో బొటనవ్రేలు, చూపుడువ్రేలు తెగాయి. గాయాన్ని నిర్లక్ష్యం చేసి పని కొనసాగించాడు. గాయం విషమించి శరీరానికి విషం ఎక్కింది. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో శస్త్రచికిత్సలు చేసి కొంత భాగాన్ని తొలగించినా ఫలితం లేకపోయింది. 1902 జూలై 27న తన 63వ ఏట మరణించాడు. అప్పటికి పెన్సిలిన్ వంటి మందులు లేవు. ఎందరో వైద్యులకు సాధనాలు చేసి ఇచ్చిన వ్యక్తి చిన్న గాయంతో మరణించడం విషాదకరం.

విస్మరణ, పునర్గుర్తింపు

ట్రూవే జీవించి ఉండగానే, 1891లో, జార్జ్ బారాల్ ఫ్రెంచి భాషలో ఆయన జీవితచరిత్రను ప్రచురించాడు. అయితే మరణానంతరం పరిస్థితి మారింది. వారసులు లేరు. ఆయన పేరిట కొనసాగే పెద్ద కర్మాగారం లేదు. సొంత ఊరి శ్మశానంలో సమాధి స్థలానికి చెల్లించవలసిన గడువు రుసుము ఎవరూ చెల్లించకపోవడంతో ఆయన అస్థికలను ఉమ్మడి గోతిలోకి మార్చారు. 1980 ఫిబ్రవరిలో ఆ పట్టణ పురపాలక భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆయనకు సంబంధించిన పత్రాలు కాలిపోయాయి.

ఆంగ్ల రవాణా చరిత్రకారుడు కెవిన్ డెస్మండ్ పాత పత్రికలను, పేటెంటు పత్రాలను పరిశోధించి ట్రూవే జీవితచరిత్రను వ్రాసాడు. దాని ఫలితంగా 2012లో డెకార్త్ పట్టణంలో జన్మస్థలం వద్ద, 2016లో పారిస్‌లో ర్యూ వివియెన్‌లోని పూర్వపు కార్యశాల వద్ద స్మారక ఫలకాలు ఏర్పాటయ్యాయి. విద్యుత్ వాహనాలపై ఆసక్తి పెరిగిన 21వ శతాబ్దంలో ట్రూవే పేరు మళ్ళీ వినిపించడం మొదలయింది.

ట్రూవే పద్ధతి - పాత కార్ల మార్పిడి

ఉన్న వాహనాన్ని తీసుకొని దానికి మోటారును, బ్యాటరీని అమర్చడమే ట్రూవే అనుసరించిన మార్గం. 20వ శతాబ్దపు చివరి భాగంలో ఇదే మార్గాన్ని అమెరికా, ఐరోపా దేశాలలోని ఔత్సాహికులు తమ ఇంటి గ్యారేజీలలో అనుసరించారు. 1973 నాటి చమురు సంక్షోభం దీనికి ఊతమిచ్చింది. పోర్షే 914 వంటి తేలికైన రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లను, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను ఎక్కువగా ఎంచుకున్నారు. ట్రూవే సైకిలు వంటి తేలికైన బండిని ఎంచుకోవడంలోని కారణమే ఇందులోనూ ఉంది. బండి ఎంత తేలికైతే అంత తక్కువ బ్యాటరీ చాలు.

ఈ మార్పిడిలోని ముఖ్యమైన దశలు ఇవి. ముందుగా ఇంజను, పెట్రోలు ట్యాంకు, పొగగొట్టం, రేడియేటరు తీసివేస్తారు. గేర్‌బాక్సును సాధారణంగా అలాగే ఉంచుతారు. మోటారును గేర్‌బాక్సుకు బిగించడానికి, రెండింటి రంధ్రాలకు సరిపోయేలా కోసిన మందమైన లోహపు పలకను వాడతారు. మోటారు ఇరుసు, గేర్‌బాక్సు ఇరుసు ఒకే సరళరేఖలో లేకపోతే బేరింగులు త్వరగా పాడవుతాయి కనుక ఈ పని ఎంతో సూక్ష్మంగా జరగాలి. ట్రూవే మీట ఉన్న చోట ఇపుడు కంట్రోలరు అనే ఎలక్ట్రానిక్ పరికరం ఉంటుంది. కాలితో నొక్కే మేరకు మోటారుకు వెళ్ళే విద్యుత్తును ఇది క్రమబద్ధం చేస్తుంది. దీపాలకు, హారనుకు 12 వోల్టులు ఇవ్వడానికి మరొక పరికరం కావాలి. ఇంజను లేకపోతే బ్రేకులకు తోడ్పడే శూన్యపీడనం కూడా ఉండదు కనుక దానికి విడిగా చిన్న పంపు అమర్చాలి.

అన్నింటికంటే కష్టమైనది బ్యాటరీ బరువు. సీసపు బ్యాటరీ కిలోకు సుమారు 30 నుండి 40 వాట్-గంటల శక్తిని నిలవచేస్తుంది. లిథియం అయాన్ బ్యాటరీలు కిలోకు సుమారు 150 నుండి 250 వరకు నిలవచేయగలవు. పెట్రోలులో కిలోకు దాదాపు 12,000 వాట్-గంటల శక్తి ఉంటుంది. అయితే ఇంజను అందులో అధిక భాగాన్ని వేడిగా వృథా చేస్తుంది. సీసపు బ్యాటరీలతో మార్చిన చిన్న కార్లు కొన్ని వందల కిలోల అదనపు బరువు మోయవలసివచ్చేది. అందుచేత ఆ బరువును ముందు, వెనుక భాగాలకు సమంగా పంచి, స్ప్రింగులను బలపరచేవారు. బ్యాటరీలన్నీ వరుసగా కలిపినపుడు వచ్చే పీడనం ప్రాణాంతకం కనుక ఫ్యూజులు, వలయాన్ని తెంచే స్విచ్చులు తప్పనిసరి. శిక్షణ లేనివారు ఈ పనికి పూనుకోకూడదు.

2008లో అమెరికాకు చెందిన టెస్లా సంస్థ విడుదల చేసిన రోడ్‌స్టర్ కారు, లోటస్ ఎలిస్ అనే చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఆధారంగా రూపొందినదే. ట్రూవే స్వదేశమైన ఫ్రాన్సులో 2020లో పాత వాహనాలను విద్యుత్ వాహనాలుగా మార్చడానికి చట్టబద్ధమైన నియమాలు వచ్చాయి. ఐదేళ్ళు దాటిన కార్లకు, ఆమోదం పొందిన సామగ్రితో, అర్హత పొందిన నిపుణుల చేత మాత్రమే మార్పిడి చేయించాలని ఆ నియమాలు నిర్దేశించాయి. తన బండికి పేటెంటు పొందలేకపోయిన ట్రూవే అనుసరించిన పద్ధతికి, సుమారు 139 సంవత్సరాల తరువాత ఆయన దేశపు చట్టంలో స్థానం దొరికింది.

జీవితంలోని ముఖ్య ఘట్టాలు

• 1839 - లా హే-డెకార్త్‌లో జననం
• 1854-55 - ఆంజే వృత్తికళల పాఠశాలలో విద్య
• 1865 - సొంత కార్యశాల ప్రారంభం, జేబు విద్యుద్ఘటం
• 1872 - సైనికుల తంతి పరికరం
• 1874 - తుపాకీ గుండును గుర్తించే సాధనం
• 1880 - మెరుగుపరచిన మోటారుకు పేటెంటు
• 1881 ఏప్రిల్ - విద్యుత్ మూడు చక్రాల బండి
• 1881 మే - టెలిఫోను పడవ, తీసి పెట్టుకోగల మోటారు
• 1883 - నుదుటి దీపం
• 1887 - నమూనా హెలికాప్టరు
• 1902 - పారిస్‌లో మరణం

ఇవి కూడా చూడండి

• విద్యుత్ వాహనం
• విద్యుత్ మోటారు
• సీసపు బ్యాటరీ
• గాస్టన్ ప్లాంటే
• కార్ల్ బెంజ్